పగ్గం పట్టినోళ్లం

మేము గుర్రాలెక్కి వచ్చినోళ్లమట.

ఈ మాట మాకు మొదట చెప్పింది ఏడో తరగతిలో మా సోషల్ మాస్టారు. పాఠం పేరు గుర్తులేదు గానీ బోర్డు మీద ఆయన గీసిన బాణాలు మాత్రం ఇప్పటికీ కళ్లముందున్నాయి. పైనుంచి కిందికి, ఖైబర్ కనుమ నుంచి దక్కను దాకా తెల్ల సుద్దముక్కతో బాణాలు. 'తురుష్కులు గుర్రాల మీద వచ్చారు' అన్నాడాయన. క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూసింది. ఆ బెంచీలో మేము ముగ్గురం. ఇద్దరం అన్నదమ్ములం, ఒకడు చాచా కొడుకు. ఆ పొద్దున బడికి రాబోయేముందు మేము ముగ్గురం కలిసి గుర్రం లద్దె ఎత్తి, గంపలో పోసి, దూరంగా పారబోసి వచ్చాం. కుంకుడు నురగతో చేతులు కడుక్కున్నా వాసన పోలేదు. ఆ వాసన చేతులతోనే ఆ బాణాల్ని నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాం.

మా ఇంట్లో గుర్రం ఉన్నమాట నిజమే. ఎక్కిన మాటే అబద్ధం. మా దాదా గుర్రానికి లాడాలు కొట్టేవాడు. మా అబ్బా జట్కా తోలేవాడు. గుర్రం ముందు నడిస్తే వెనక నడిచారు, గుర్రం వెనక కూర్చుంటే బండి నొగల దగ్గర కూర్చున్నారు. జీను మీద కూర్చున్నవాడు ఒక్కడూ లేడు మా వంశంలో. మహా అయితే కాలువకి తోమటానికి తీసుకెళ్లేప్పుడు చిన్నపిల్లలమని మమ్మల్ని దాని ఉత్త వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు. అదీ మా దండయాత్ర.

గవర్నర్‌పేటలో అప్పట్లో సందులకి లోపలగా చావిళ్లు ఉండేవి. ఇప్పుడు చెబితే నమ్మరు. బీసెంట్ రోడ్డులో చీరల కొట్లకీ చెప్పుల కొట్లకీ మధ్య మనిషి ఒరుసుకోకుండా నడవలేని చోట, ఒకప్పుడు గుర్రం సకిలింత వినపడేదంటే ఎవరు నమ్ముతారు? పాత బస్టాండు, రైల్వే స్టేషను, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు - ఇవీ మా అబ్బా తిరిగిన దారులు. బండిలో ఎండుగడ్డి పరిచి దానిమీద గోనెపట్టా, దానిమీద దుప్పటి. ఎక్కినవాళ్లని 'అమ్మా, కాస్త ముందుకి జరగండి', 'అయ్యా, మీరు వెనక్కి' అని సర్దేవాడు. తమాషాకి కాదు. బరువు వెనక ఎక్కువైతే నొగలు పైకి లేచి గుర్రం గాలిలో తేలుతుంది, ముందు ఎక్కువైతే దాని వీపు విరుగుతుంది. రెండు చక్రాల బండి మీద అందరూ సరిగ్గా సర్దుకుని కూర్చోవటం ఎంత అవసరమో జట్కావాడికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

కొత్త సినిమా వచ్చిందంటే మాకు పండగ. బండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, లోపల మైకువాడు కూర్చుని, వెనకనుంచి రంగు కాగితాలు విసురుతుంటే వీధి పిల్లలంతా పరిగెత్తేవాళ్లు. అప్సర థియేటరుకైనా నవరంగ్‌కైనా ప్రచారం మా బండి మీదే. ఆ రోజు గుర్రానికి మెడలో పూసల దండ, నెత్తిన కుచ్చు. అది మేము చూసిన మొదటి హార్స్ షో.

రెండోది లైసెన్సు రోజు. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి 1911 చట్టం ఒకటుంది, అద్దె బళ్లకి సంబంధించింది. దాని ప్రకారం బండినీ గుర్రాన్నీ తీసుకెళ్లి చూపించి నంబరు బిళ్ల తెచ్చుకోవాలి. ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండేది కాదు. అబ్బా గొరపంతో గుర్రం ఒళ్లంతా గీకి, దుమ్ము రాల్చి, తడిగుడ్డతో తుడిచి, అరచేత్తో నూనె రాసి మెరిపించేవాడు. అమ్మీ బండి పట్టాలు ఉతికేది. తెల్లారి గుర్రాన్ని నిలబెట్టి కాళ్లెత్తి చూసేవాళ్లు, జీను కింద పుండ్లున్నాయేమో చూసేవాళ్లు. ఆ తర్వాత అబ్బాని పైనుంచి కిందికి చూసి 'ఏం సాయిబూ, నీ చొక్కా కంటే నీ గుర్రం చొక్కా బాగుందే' అనేవాళ్లు. అబ్బా నవ్వేవాడు. గుర్రం పాసైతే చాలు ఆయనకి.

గుర్రం తిండి గురించి చెప్పకుండా ముందుకి పోలేం. మా ఇంట్లో పొయ్యి మీద మొదట ఎక్కేది గుర్రానికి ఉలవలు. రాత్రి నానబోసి, తెల్లారుజామున ఉడకేసి, నీళ్లు వంచి, గుగ్గిళ్లలో కాస్త తవుడు, ఉప్పురాయి కలిపి పెట్టేవాళ్లు. వంచిన నీళ్లు అమ్మీ పారబొయ్యదు. చింతపండేసి, ఉల్లిపాయ వేయించి, గట్టిగా మరగబెడితే అదే మాకు కూర, అదే మాకు చారు. ఇవాళ విజయవాడ హోటళ్లలో మీగడ వేసి గిన్నెల్లో పెట్టే ఉలవచారు ఉందే, అది పశువు తినగా మిగిలిన నీళ్లతో బతికిన ఇళ్లలోంచి వచ్చిన వంట. కమ్మవారింట్లో ఎద్దుకి, మా ఇంట్లో గుర్రానికి. పొయ్యి వేరు, చారు ఒకటే.

డెల్టాలో గుర్రాన్ని మేపటం తేలిక అనుకుంటారు పచ్చదనం చూసి. కాదు. ఇక్కడ ఉన్నదంతా వరిగడ్డి. ఎద్దుకి సరిపోయిన వరిగడ్డి గుర్రానికి సరిపోదు. ఎద్దు నెమరేస్తుంది, గుర్రం నెమరెయ్యదు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయిన చెడ్డ మేత వెనక్కి రాదు. కడుపుశూల పట్టిందంటే కింద పడి పొర్లుతుంది, చూస్తుండగానే ప్రాణం పోవచ్చు. అందుకే మేత మార్చాలంటే వారం పది రోజులు కొంచెం కొంచెంగా మార్చాలి. కాలువ గట్టున కోసిన పచ్చగడ్డి మాకు బంగారం. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్య జరిగాక ఊరు తగలబడి కర్ఫ్యూ పెట్టారు. మనుషులకి పాలు, బియ్యం దొరకలేదని అందరూ రాశారు. గుర్రానికి గడ్డి దొరకలేదని ఎవరూ రాయలేదు. కర్ఫ్యూ సడలించిన గంటలో అబ్బా కొడవలి పట్టుకుని గట్టుకి పోబోతే పోలీసు ఆపాడు. గడ్డం, కొడవలి, కర్ఫ్యూ. 'గుర్రానికి గడ్డి సార్' అంటే నమ్మలేదు. ఇంటిదాకా వచ్చి గుర్రాన్ని చూశాక వదిలాడు. ఆ గుర్రం మా అబ్బాకి ఆ రోజు గుర్తింపు కార్డు.

ఆ తర్వాత ఏడాదిలోనే జట్కా అమ్మేశాం. రిక్షా కొంత తిన్నది, ఆటో మొత్తం తిన్నది. ఇప్పుడు విజయవాడ కాలువల్లో గుర్రం పేరు మీద మిగిలింది గుర్రపుడెక్క ఒక్కటే.

ఇంటికి గుర్రం లేకపోతే ఏం చెయ్యాలో మా అబ్బాకి తెలియలేదు. ఆర్నెల్లు పళ్లబండి తోశాడు. అప్పుడే ఊళ్లో పెళ్లి ఊరేగింపుల్లో తెల్లగుర్రం మోజు మొదలైంది. వన్‌టౌన్ మార్వాడీల ఇళ్లలో పెళ్లికొడుకు ఆడగుర్రం ఎక్కి రావటం ఆచారం. సినిమాలు చూసి మనవాళ్లూ నేర్చుకున్నారు. పల్లకీ పోయింది, గుర్రమొచ్చింది. అబ్బా అమ్మీ మెళ్లో గొలుసు అమ్మి, అప్పు చేసి, మా పెద్దన్నని వెంటేసుకుని నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరకి పోయాడు. ఖండోబా దేవుడి జాతర అది, గుర్రాల సంతకి పేరు. ఖండోబా మన మల్లన్నకి దగ్గరి చుట్టం. ఆయన వాహనం తెల్లగుర్రం. ఆయన్ని మల్లూఖాన్ అని కూడా పిలుస్తారనీ, జేజూరిలో ఆయన గుర్రాన్ని చూసుకునేవాడు ముస్లిమేననీ అక్కడ చెప్పగా విని అబ్బా తెగ సంబరపడిపోయాడు. దేవుడి గుర్రాన్ని మనవాడు చూసుకుంటున్నాడు అని ఇంటికొచ్చి నెలరోజులు చెప్పాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

సంతలో గుర్రాన్ని కొనేవాడు మొదట చూసేది పళ్లు కాదు, సుడులు. నుదుట సుడి ఎక్కడుంది, మెడమీద ఎన్ని, కడుపు కింద ఉందా లేదా. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి అరిష్టం, ఫలానా చోట ఉంటే రాజయోగం. అశ్వశాస్త్రం చెప్పినవాడు శాలిహోత్రుడు. ఆయన పేరు మీదే ఉత్తరాదిన గుర్రాల వైద్యుణ్ణి సలోత్రీ అంటారు. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద 'హయలక్షణ విలాసం' అని ఒక కావ్యమే రాశాడు. మా దాదాకి అక్షరం ముక్క రాదు. కానీ సుడి చూడటం వచ్చు, సలోత్రీ అనే మాట వచ్చు. సంస్కృతం చదువుకోని నోట్లో శాలిహోత్రుడు బతికే ఉన్నాడు. అలాగే జీను, లగాము, రికాబు, సవారీ, దాణా - ఇవన్నీ తెలుగు కావని తీసేస్తే మన గుర్రం మీద ఏం మిగుల్తుంది? తోక మిగుల్తుంది.

అబ్బా తెచ్చింది నుక్రా ఆడగుర్రం. నుక్రా అంటే వెండి. పుట్టుకతోనే తెలుపు, కింద చర్మం గులాబీ రంగు. మోతీ అని పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు ఫోనులో ఢిల్లీ హార్స్ షో చూపిస్తుంటుంది. నల్లకోట్లు, తెల్ల ప్యాంట్లు, తళతళలాడే బూట్లు. అలాంటి పోటీల్లో కొన్నిట్లో గుర్రాన్నే కాదు మనిషినీ చూసి మార్కులేస్తారట. గుర్రం జూలు ఎంత నీటుగా అల్లారో, దాన్ని పట్టుకున్నవాడి గుండీలు ఎంత సరిగ్గా ఉన్నాయో రెండూ చూస్తారట. 'మీరు కూడా ఇలాగే తయారయ్యేవాళ్లా చాచా' అని అడిగింది. అయ్యేవాళ్లం తల్లీ. ఇంతకంటే ఎక్కువే అయ్యేవాళ్లం.

ఎలాగో చెబుతాం.

ముహూర్తాల రోజులు రాబోయే నెలముందు నుంచే మోతీకి నడక. తెల్లారుజామున బందరు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రోజూ గంటసేపు. ఒళ్లు గట్టిపడాలి, ఊపిరి సాగాలి. లాడాలు నెలా నెలన్నరకోసారి మార్చాలి. డెక్క మన గోరులాగా పెరుగుతూనే ఉంటుంది. పాత లాడం ఊడబెరికి, డెక్క అంచు చెక్కి, కొత్తది సరిపెట్టి, మేకులు డెక్క పైగోడలోనే దిగేలా కొట్టాలి. వెంట్రుకవాసి లోపలికి దిగిందా గుర్రం కుంటుతుంది, పెళ్లి పోతుంది, అడ్వాన్సు తిరిగివ్వాలి. దాదా చివరి రోజుల్లో చూపు మందగించాక కూడా మేకు మీద సుత్తి పడే చప్పుడు విని లోపలికి పోయిందో సరిగ్గా పోయిందో చెప్పేవాడు.

తర్వాత చప్పుళ్లకి అలవాటు చెయ్యటం. గుర్రం పుట్టుకతోనే పిరికిది. పారిపోవటమే దాని ఆయుధం. దాన్ని బ్యాండు మధ్యలో, బాణసంచా మధ్యలో, నెత్తిన గ్యాసు లైట్లు మోసే మనుషుల మధ్యలో నిలబెట్టాలి. మొదటివారం దూరంగా పళ్లెం మోగించేవాళ్లం. మోగించి, పక్కనే నిలబడి, బెల్లంముక్క పెట్టేవాళ్లం. తర్వాత టేపురికార్డరు. తర్వాత బ్యాండువాళ్లు సాధన చేసే చోటికి తీసుకెళ్లి అవతలి గట్టున, ఆ తర్వాత ఇవతలి గట్టున. టపాకాయలు అన్నిటికంటే చివర. ప్రతిసారీ అబ్బా దాని మెడ నిమురుతూ ఒకే మాట అనేవాడు, 'బస్ బేటీ, బస్.' తెలుగులో ఎందుకు చెప్పలేదంటే మాకు కారణం లేదు. మా ఇంట్లో మేము మాట్లాడుకునేది తురకం. గుర్రం మా ఇంట్లోదే కదా. కొందరు ముల్లుల కళ్లెం వేసి నొప్పితో అదుపు చేస్తారు. 1965 నాటి నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు, అయినా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. అబ్బా వాడలేదు. నోరు పుండైన గుర్రం ఏదో ఒకరోజు లెక్క తీర్చుకుంటుందనేవాడు.

ఊరేగింపుకి ముందురోజు స్నానం. తెల్లగుర్రాన్ని పెంచినవాడికే తెలుస్తుంది ఆ కష్టం. లద్దె మీద పడుకుని లేస్తుంది, పిర్రమీద పసుపు మరక. కుంకుడు రసంతో మరక ఊడదీసి, తోకకి చివరి నీళ్లలో బట్టలకేసే నీలం ఒక్క చుక్క కలిపి ఝాడించేది అమ్మీ. తోక వెన్నెల్లాగా వచ్చేది. నాలుగు కాళ్లకీ మోకాళ్ల కిందుగా గోరింటాకు. మా చెల్లెళ్లు తమ చేతులకి పెట్టుకుని మిగిలింది మోతీ కాళ్లకి పెట్టేవాళ్లు. పీర్ల పండగకి గుర్రం రాకపోయినా మనసులో ఇమాం హుసేన్ గుర్రం జుల్‌జనా ఉంటుంది మాకు. దక్కనులో లాడం ఆకారంలో నాల్ సాహెబ్ పీరునే ఎత్తుతారు. లాడాలు కొట్టుకునేవాడికి ఆ పీరు అంటే ఎంత పొగరో చెప్పలేం. అయితే అదే లాడం మా పెద్దక్క సంబంధం చెడగొట్టింది. కాస్త పెద్ద ఖాందాన్ అని చెప్పుకునే ఇల్లొకటి 'నాల్‌బంద్ వాళ్లా' అని టీకప్పు కిందపెట్టి లేచిపోయింది. అందరం ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం. పెళ్లి మాటొస్తే డెక్క చూస్తారు. 2007లో బీసీ-ఇ కింద వెనకబడిన ముస్లింలకి నాలుగు శాతం వచ్చినప్పుడు సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు ఆ జాబితాలో లేరని కొందరు గింజుకున్నారు. మా పెద్దక్క మాత్రం ఏమీ మాట్లాడకుండా చిన్నగా నవ్వింది.

సరే, గుర్రం తయారైంది. ఇక మేము.

పెళ్లివాళ్లు అడిగేది ఒకటే: నీటుగా రండి. అబ్బాకి ఎర్ర పాగా, బంగారు రంగు జరీ కోటు. ఆ బట్టలు మామీద రాజుల బట్టల్లా ఉంటాయి, దగ్గరికొస్తే చెమట కంపు. ఆకలేసినా ఊరేగింపు అయ్యేదాకా తినకూడదు. మధ్యలో నమాజు వేళ అయితే మనసులో లెక్కేసుకుని తర్వాత చదువుకోవాలి. పెళ్లికొడుకు తాగి ఎక్కితే పట్టుకోవాలి, పడితే తిట్లు మాకే. డబ్బులు చల్లుతారు, వంగి ఏరుకోకూడదని అబ్బా ఆజ్ఞ. ఇదంతా మేము మామూలుగానే చేశాం. పెళ్లిళ్లలో మా పేరు ఎవరూ అడగలేదు. 'గుర్రం సాయిబు' అనేవాళ్లు, అదే మా పేరు.

2003లో ఒక పండగ ఊరేగింపువాళ్లు వచ్చారు. ఏ పండగో చెప్పం, ఎవరో చెప్పం. వాళ్లలో కొందరు మా సందువాళ్లే. అంతకుముందు మూడేళ్లు మోతీ ఆ ఊరేగింపుకి వెళ్లింది. ఆ ఏడు వచ్చినవాళ్లలో కొత్త కుర్రాళ్లున్నారు. ముందు ఏడాదంతా గుజరాత్ వార్తలు. ఊళ్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు గానీ మాటలు తగ్గాయి. వచ్చినవాళ్లలో పెద్దాయన చెప్పులు చూసుకుంటూ అన్నాడు: 'సాయిబుగారూ, గుర్రం కావాలి. మీరు రావద్దు. మావాడు పట్టుకుంటాడు. ఏమీ అనుకోకండి, కుర్రాళ్లు ఒప్పుకోవట్లేదు.'

అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. అమ్మీ లోపల్నించి 'వద్దని చెప్పండి' అంది తురకంలో. మేమూ అదే అన్నాం. అన్న కుర్రతనం మాది, అప్పు మాత్రం అబ్బాది. 'కొత్తమనిషి చేతికిస్తే బెదురుతుంది బాబూ. టోపీ తీసేస్తాను, బొట్టు పెట్టమంటే పెట్టుకుంటాను. నన్ను పట్టుకోనివ్వండి' అన్నాడు. మేము తలలు దించుకున్నాం. వాళ్లూ దించుకున్నారు. ఆ గదిలో తలెత్తి నిలబడింది మోతీ ఒక్కతే. 'అది కాదు సాయిబుగారూ' అన్నాడు పెద్దాయన, అంతకుమించి ఏమీ చెప్పకుండా.

గుర్రాన్ని తయారు చెయ్యటానికి నెల పట్టింది. అబ్బా టోపీ తియ్యటానికి ఒక్క నిమిషం పట్టింది. అయినా సరిపోలేదు.

వారం రోజులు ఆ పట్టుకునే కుర్రాణ్ణి పిలిపించి అబ్బానే నేర్పాడు. ఎటుపక్క నిలబడాలి, పగ్గం ఎంత వదలాలి, ఎప్పుడు మెడ నిమరాలి. మంచి పిల్లాడే. ఇంట్లో టీ తాగేవాడు కాదు గానీ బెల్లంముక్కలు జేబులో వేసుకొచ్చేవాడు మోతీ కోసం. ఊరేగింపు రోజు రాజు వేషం వేసిన పిల్లాణ్ణి మోతీ మీద ఎక్కించారు. మైకులో 'చేతక్ వస్తోంది' అన్నారు. మోతీకి కూడా పేరు మార్చారు. అబ్బా మామూలు చొక్కా లుంగీతో, జనంలో, రోడ్డుకి ఇవతల పేవ్‌మెంటు మీద మోతీకి సమంగా నడిచాడు. వెనక మేము.

ఏలూరు రోడ్డు మీద ఒకచోట ఆగారు. ఎవరో వెయ్యి టపాకాయల దండ మోతీ కాళ్లకి బాగా దగ్గరగా అంటించారు. మేము నెలరోజులు నేర్పింది దూరం నుంచి కాల్చే వాటికి. మోతీ ముందుకాళ్లు లేచాయి. వేషం వేసిన పిల్లాడు జూలు పట్టుకుని అరిచాడు. పగ్గం పట్టుకున్న కుర్రాడు చేతనైనంత పట్టుకున్నాడు, నేర్పినట్టే మెడ దగ్గరికి పోయాడు. కానీ మాట రాలేదు వాడికి. ఏ మాట అనాలో అబ్బా చెప్పాడు వాడికి, వాడికి ఆ మాట అంతమంది మధ్య నోట్లోంచి రాలేదు. అప్పుడు అబ్బా పేవ్‌మెంటు మీద నుంచి గొంతు చించుకుని అరిచాడు: 'బస్ బేటీ! బస్, బస్!'

మైకు ఆగిపోయింది కాబోలు, అందరికీ వినపడింది. మోతీ కాళ్లు దించింది. చెవులు మా వైపు తిప్పింది. ఒళ్లంతా వణుకుతోంది. జనం పక్కకి తప్పుకున్నారు, అబ్బా నడిచిపోయి పగ్గం అందుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. పిల్లాణ్ణి దించారు. వాడి చొక్కా తడిసిపోయింది. ఎవరో నవ్వుతూ 'గుర్రానికి కూడా తురకం నేర్పావేంటి సాయిబూ' అన్నారు. వెటకారమో, మెచ్చుకోలో, ఊపిరి పీల్చుకోవటమో తెలీదు. మిగతా దూరం అబ్బానే నడిపించాడు, లుంగీతోనే, టోపీ లేకుండానే.

చరిత్ర తర్వాత మేము చదువుకున్నాం, మాస్టారి బాణాలు పట్టుకుని. ఢిల్లీ సుల్తానుల్ని అశ్వపతులనీ, ఓఢ్ర రాజుల్ని గజపతులనీ, విజయనగర రాజుల్ని నరపతులనీ పిలిచేవాళ్లట. అంటే మాకు గుర్రాన్ని అంటగట్టటం ఐదారు వందల ఏళ్ల నాటి మాటే. కానీ ఆ విజయనగరంలోనే 15వ శతాబ్దంలో రెండో దేవరాయలు ముస్లిం రౌతుల్ని కొలువులో చేర్చుకున్నాడు. వాళ్లు వంగి సలాం చెయ్యటానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాను పెట్టించాడని ఫెరిష్టా రాశాడు. అప్పుడు గుర్రాలెక్కినోళ్లు ఎవరి మీదికి వచ్చినట్టు? శ్రీకృష్ణదేవరాయలు గోవాలో పోర్చుగీసువాళ్ల దగ్గర గుర్రాలు కొనుక్కురమ్మని నలభైవేల వరహాలిచ్చి పంపింది ఒక ముస్లిం వర్తకుణ్ణి. ఆ మనిషి ఆ డబ్బుతో ఆదిల్‌షా దగ్గరికి పారిపోయాడనీ, 1520 రాయచూరు యుద్ధానికి అదో కారణమనీ నూనిజ్ రాసిపెట్టాడు. ఆయనా గుర్రాల వర్తకుడే. పారిపోయినవాడి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. తెచ్చిన గుర్రాలకి గడ్డి కోసినవాళ్లు, కాళ్లు కడిగినవాళ్లు, లాడాలు కొట్టినవాళ్లు ఎవరు? మా మాస్టారి బోర్డు మీద వాళ్లకి బాణం లేదు. కాకతీయుల కాలంలో గుర్రాల మీద అధికారిని సాహిణి అనేవాళ్లట, శాసనాల్లో ఉంది. అబ్బాకి చెబితే 'సాహిణికి జీతం ఎంత' అని అడిగాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక అబ్బా అన్నం తినలేదు. మోతీ మెడలోంచి దండలు తీసి, నుదుటి మీద పెట్టిన కుంకుమ తడిగుడ్డతో తుడిచాడు. కోపంగా కాదు. చెమటతో కారి కంట్లో పడుతుందని. ముందుకాలు గిట్ట దగ్గర టపాకాయ నిప్పుకి రెండుచోట్ల కాలింది. వెన్న రాస్తానంది అమ్మీ, వద్దని చల్లనీళ్లు పోశాడు. డబ్బులిచ్చే పెద్దాయన మర్నాడు వచ్చాడు, మాట్లాడుకున్న దానికంటే వంద ఎక్కువిచ్చాడు. వెనకాల ఆ పట్టుకున్న కుర్రాడు. వాడి అరచేతులు పగ్గం రాసుకుని తోలు లేచిపోయాయి. అమ్మీ లోపల్నించి పసుపు, నూనె తెచ్చిచ్చింది. వాడు ఆ రోజు టీ తాగాడు. పైఏడాది వాళ్లు గుర్రం అడగలేదు. ట్రాక్టరు మీద రథం కట్టుకున్నారు.

అబ్బా పోయి పదేళ్లు దాటింది. మోతీ అంతకుముందే పోయింది. గవర్నర్‌పేటలో గుర్రం కట్టే జాగా ఎవరూ ఇవ్వరు ఇప్పుడు. మా తమ్ముడు సింగ్‌నగర్ అవతల షెడ్డు వేసుకుని రెండు నుక్రాల్ని పెంచుతున్నాడు. ఒకటి మోతీ మనవరాలు. గ్లాండర్స్ అనే రోగం మనుషులకీ అంటుతుంది గనక గుర్రాలకి రక్తపరీక్ష చేయించాల్సి వస్తోంది. శాంపిళ్లు హర్యానాలో హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రానికి వెళతాయి. రోగముందని తేలితే గుర్రాన్ని చంపెయ్యాల్సిందే. ఫలితం వచ్చేదాకా మావాడికి కంటిమీద కునుకుండదు. మొన్న డాక్టరుగారు కాగితం నింపుతూ గుర్రం రంగు, వయసు, సుడులు ఎక్కడున్నాయో రాసుకుని, 'సొంత ఊరు' అన్నాడు. 'గుర్రానిదా మాదా సార్' అని అడిగాడు మా తమ్ముడు.

ఈ శ్రావణంలో నాలుగు ముహూర్తాలకి బేరం కుదిరింది. ఒకటి గవర్నర్‌పేటలోనే. తమ్ముడి కూతురు తనే పగ్గం పట్టుకుంటానంటోంది. నల్లకోటు కుట్టించమంటోంది, ఢిల్లీ వాళ్లలాగా. కోటుకి గుడ్డ తెచ్చాం. తలమీద ఏం పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు, స్కార్ఫు తియ్యనంటోంది. ఈలోగా పళ్లెం మోగిస్తూ, బెల్లంముక్క పెడుతూ, మెడ నిమురుతూ తాతయ్య మాటే అంటోంది. ఇవాళ రాత్రి ఉలవలు నానబోసే వంతు మాది.